నిరుద్యోగం లేని జిల్లా

చాలా రోజుల తర్వాత కాస్త పొడుగు టపా. ఓపిక ఉన్నవారు తీరిగ్గా చదవండి.

మొన్నొక మిత్రునితో వాదన జరిగింది. ఆయన లెక్కల మనిషి. దేశం ఏటా ఆరేడు శాతం ఎదుగుతూ ఉంటే పనులు వాటంతట అవే పుడతాయనీ, నిరుద్యోగమని గోల పెట్టేవారు అంకెలు చూడరనీ ఆయన అభిప్రాయం. "2023-24 సర్వేలో నిరుద్యోగం 3.2 శాతమే, చూసుకో" అన్నాడు. అంకె సరైనదే, కాదనలేదు. కానీ నాకు ఆ క్షణంలో మా నాన్నగారి హాజరుపట్టీ గుర్తొచ్చింది. డెబ్భయ్యవ దశకంలో ఆయన కల్వకుర్తి వైపు ఒక సమితి బడిలో పంతులు. వానాకాలం పంట ఇళ్ళకు చేరిన కొద్ది వారాలకు ఆ పట్టీలో పేర్ల ఎదుట ఎర్రసిరాతో ఒక మాట వరుసగా పడేది: "వలస". మళ్ళీ తొలకరికి కొన్ని పేర్లు నల్లసిరాలోకి వచ్చేవి, కొన్ని వచ్చేవి కావు. ఆ ఇళ్ళలో ఒక్కరైనా నిరుద్యోగి లేడు. పదేళ్ళ పిల్లతో సహా అందరికీ పని ఉండేది, నాలుగు వందల మైళ్ళ అవతల.

అర్థశాస్త్రంలో నిరుద్యోగి అంటే పని లేనివాడు మాత్రమే కాదు, పని లేక దానికోసం వెతుకుతున్నవాడు. వెతికేటంత కాలం తిండి ఎవరో ఒకరు పెట్టాలి కదా. తండ్రి పింఛనో, అన్న జీతమో, రెండెకరాల తరియో ఉన్నవాడే నిరుద్యోగిగా ఉండగలడు. 2022-23 సర్వేలో పట్టభద్రులలో నిరుద్యోగం 13 శాతం దాటింది. అక్షరం రానివారిలో ఒక శాతం కూడా లేదు. అక్షరం రానివారికి మంచి పనులు దొరుకుతున్నాయని దీన్నిబట్టి ఎవరైనా అనుకుంటే ఆయనకు దూరం నుంచే దండం. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం, నాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిటిలోకీ అట్టడుగు. అలాంటి చోట "నిరుద్యోగ రేటు" అనే కొలతతో ఏం కొలుస్తాం? మనదేశపు ఆర్థికవేత్తలకు ఈ సంగతి తెలియక కాదు. 1970లో దంతవాలా కమిటీ, ఆ తర్వాత రాజ్‌కృష్ణ దీని గురించే మాట్లాడారు. ఏడాది మొత్తంమీద అడిగితే ఒక అంకె, గడిచిన వారం గురించి అడిగితే ఇంకొకటి, ఒక్కొక్క రోజూ లెక్కపెడితే మరొకటి వస్తాయి. రోజువారీ లెక్క ఎప్పుడూ పెద్దది. పత్రికలకెక్కేది మాత్రం సాధారణంగా చిన్నదే.

సరే, అసలు విషయానికి వద్దాం. అభివృద్ధి అనేది పనివాణ్ణి ఏం చేస్తుందో చూడాలంటే దక్షిణ తెలంగాణ మెట్టనేల కంటే మంచి చోటు లేదని నా నమ్మకం. ఎందుకంటే అభివృద్ధి ఈ నేలకు రాకముందే, ఈ నేల మనుషులు అభివృద్ధి దగ్గరికి నడిచి వెళ్ళారు. ఒకటి రెండు తరాలు కాదు, రెండు వందల ఏళ్ళకు పైగా.

ముంబైలో కామాఠీపుర అనే పేటను ఇప్పుడు జనం ఇంకో కారణానికి ఎరుగుదురు. ఆ పేరు ఎక్కడిదో చాలామందికి తెలియదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో బొంబాయి ఏడు దీవులను కలుపుతూ కట్టలు వేసి, మధ్యనున్న బురదనేలలు పూడ్చినప్పుడు, ఆ కట్టడపు పనులకు నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి వెళ్ళినవారిని అక్కడివారు కామాఠీలన్నారు. వారు గుడిసెలు వేసుకున్న చోటే కామాఠీపుర. అది ఒక కులం పేరు కాదు. మట్టిపని, రాతిపని చేసే తెలుగువాళ్ళందరికీ కలిపి పెట్టిన పేరు. (మన "కమతం"తో చుట్టరికమా, వాళ్ళ "కామ్"తోనా అన్నది భాషావేత్తలైన మిత్రులు తేల్చాలి.) ఎడారి లాంటి రాతినేల విడిచి వెళ్ళి సముద్రాన్ని పూడ్చి ఒక మహానగరానికి నేల తయారుచేసినవారి పేరు ఆ నగరంలో ఏ పేటకు మిగిలిందో తలచుకుంటే మనసు అదోలా అవుతుంది.

ఎందుకు వెళ్ళారు? సాలుకు 600 మిల్లీమీటర్ల చిల్లర వాన, ఎర్రమట్టి, కింద రాయి. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేదే పాలమూరు జిల్లాలో. కానీ నది లోయలో, పొలం గట్టుమీద. వీటితో పాటు భూమి ఎవరిది అన్న ప్రశ్న ఒకటుంది, అసలు కారణం అదే. నిజాం కాలంలో ఊళ్ళో పని కొనేవాడు ఒక్కడే ఉండేవాడు, దొర. చేసిన పనికి కూలి ఇవ్వకపోవడం వెట్టి. అప్పు తీరేవరకు జీతగానిగా కట్టుబడి ఉండడం భగేలా. తండ్రి తీసుకున్న అప్పు కొడుకు చేతులమీదకు వచ్చేది. ఈ భగేలా ఒప్పందాలను అదుపుచేస్తూ 1936లోనే నిజాం ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. కాగితం దొర ఇంటి దాకా వెళ్ళి ఉంటుంది, గడప దాటి ఉండదు. వెట్టి విరిగింది 1946-51 పోరాటంలో. అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణం పోవడంతో మొదలైన కథ మీకందరికీ తెలిసిందే, విస్తరించను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఆ పోరాటం నల్లగొండలో నడిచినంత ఉధృతంగా పాలమూరులో నడవలేదు. భూమి అడిగి తీసుకున్న చోటికీ, అడిగే అవకాశం రాని చోటికీ ఆ తర్వాతి కూలి సంతలో తేడా కనబడిందా అన్నది పరిశోధకులు తీరిగ్గా తవ్వవలసిన విషయం. నా చూపుకైతే కనబడింది.

స్వాతంత్ర్యం వచ్చాక దేశం ఆనకట్టలు కట్టడం మొదలుపెట్టింది. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువల్లోకి నీళ్ళు వదిలారు. ఈ ఆనకట్టను కాంక్రీటుతో కాక రాతితో కట్టాలని నిర్ణయించడంలో ఒక ఆర్థిక తర్కం ఉంది. యంత్రాలు కొనడానికి విదేశీ మారకం లేదు, సిమెంటుకు కటకట. మనుషులకు మాత్రం కొదువ లేదు. రాయి కొట్టేవారు, మోసేవారు, పేర్చేవారు, సున్నం కలిపేవారు వేల సంఖ్యలో పన్నెండేళ్ళు పనిచేశారు. రాతి ఆనకట్టల్లో దీనికంటే ఎత్తయినది ప్రపంచంలో లేదని మనం గొప్పగా చెప్పుకొంటాం. చెప్పుకోవలసిందే. కాకపోతే ఆ గొప్పలో ఒక భాగం మనిషి కూలి అంత చవకగా ఉండడం.

అక్కడ బలపడింది మేస్త్రీ వ్యవస్థ. గుత్తేదారుకు కావలసింది పదిమంది కాదు, మూడు వందల మంది. అతడు మేస్త్రీకి డబ్బిస్తాడు, మేస్త్రీ గుంపు మేస్త్రీలకు ఇస్తాడు, గుంపు మేస్త్రీ తన ఊళ్ళో, తన వాడలో ఇళ్ళిళ్ళూ తిరుగుతాడు. ఆ అడ్వాన్సు చేతికి వచ్చేది ఎప్పుడు? బిడ్డ పెళ్ళప్పుడు, ఎద్దు చచ్చినప్పుడు, బోరు ఎండినప్పుడు. మొగుడూ పెళ్ళాల జంటకు ఇంత అని లెక్క. దూరాన సైటులో తిండిగింజలు మేస్త్రీయే ఇస్తాడు, లెక్క అతనే రాస్తాడు, పని దినాలు అతనే గుర్తుపెట్టుకుంటాడు. తిరిగి వచ్చేనాడు కూడికలు తీసివేతలు చేసి చూస్తే మిగిలేది బస్సు కిరాయి, కొంచెం బట్టా పాతా. ఒక్కొక్కసారి మళ్ళీ బాకీ. వచ్చే యేడు మళ్ళీ అదే మేస్త్రీ. మేస్త్రీని దుర్మార్గుడిగా చిత్రించడం తేలిక. అతడూ ఆ వాడ మనిషే. తట్ట మోసి మోసి మేస్త్రీ అయినవాడే. గుత్తేదారు మొండిచేయి చూపితే ఊళ్ళో మొహం చెల్లనిది అతనికే. అయినా దొర ఇచ్చిన అప్పుకూ మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకూ మధ్య ఉన్న తేడా ఎంత? దొర దగ్గర ఊరు కదలకూడదు, మేస్త్రీ దగ్గర ఊళ్ళో ఉండకూడదు.

"పాలమూరు లేబరు" అనే మాట ఇలా పుట్టింది. ఏ జిల్లాకైనా పంటతోనో, గుడితోనో, చీరతోనో పేరు వస్తుంది. గద్వాల చీర ఉన్న జిల్లాకే, ఆలంపురం గుళ్ళు ఉన్న జిల్లాకే, లేబరుతో పేరు వచ్చింది. దేశంలో పెద్ద ఆనకట్ట ఎక్కడ కడుతున్నా గుత్తేదారులు ఈ పేరు తలచుకునేవారు. శ్రీశైలం జలాశయంలో నీళ్ళు నింపడానికి 1981లో ఖాళీ చేయించిన ఊళ్ళల్లో పాలమూరు కృష్ణాతీర గ్రామాలు ఎన్నో ఉన్నాయి. ఆనకట్టలు కట్టిన జిల్లా, ఆనకట్ట కింద మునిగిన జిల్లా, ఆనకట్ట నీళ్ళు చాలాకాలం చూడని జిల్లా ఒక్కటే.

నల్లగొండది ఇంకో తమాషా. సాగర్ ఎడమ కాలువ పారిన మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి, రైసు మిల్లులు, హమాలీ పని, లారీలు, వాటి వెంట నాలుగు రకాల వ్యాపారాలు వచ్చాయి. ఆనకట్టకు కూతవేటు దూరంలో ఉన్న దేవరకొండ తండాలకూ, మునుగోడు, మర్రిగూడ వైపూ మిగిలింది ఫ్లోరైడు నీళ్ళు. ముప్పయ్యేళ్ళకే నడుము వంగి, మోకాళ్ళు బిగిసిపోయినవాడు ఏ కూలి సంతలో నిలబడతాడు? పని చేయగల దేహమే అక్కడ చాలామందికి దక్కలేదు. వీరు ఏ నిరుద్యోగ లెక్కలోకీ రారు, పని వెతకడం లేదు కనుక.

కరీబియన్ దీవి సెయింట్ లూసియాలో పుట్టిన ఆర్థర్ లూయిస్ 1954లో ఒక వ్యాసం రాశాడు. 1979లో ఆయనకు నోబెల్ బహుమతి రావడానికి ముఖ్యకారణం అదే. సారాంశం ఇది: పేద దేశాల్లో పల్లెల్లో అవసరానికి మించిన మనుషులుంటారు. నగరంలో పరిశ్రమ పెరిగేకొద్దీ వాళ్ళు వస్తూనే ఉంటారు. ఆ రాక ఆగేవరకు కూలి బతుకుతెరువు స్థాయిని దాటి పెరగదు, లాభాలు పెరుగుతాయి, ఆ లాభాలే మళ్ళీ పెట్టుబడి అవుతాయి. ఏదో ఒకనాడు పల్లెలో మిగులు మనుషులు అయిపోతారు, అప్పుడు కూలి పైకి లేస్తుంది. పాలమూరు చరిత్రకు ఇంతకంటే దగ్గరి సిద్ధాంతం లేదు. లూయిస్ చెప్పని సంగతి ఒకటుంది. ఆ మలుపు వచ్చేవరకు కూలి తక్కువగా ఉండడం సహజం అన్నట్టు ఆయన రాశాడు. ఇక్కడ దాన్ని అలా ఉంచడానికి మేస్త్రీ అడ్వాన్సు, కులం, అక్షరం రాకపోవడం అన్నీ కలిసి కాపలా కాశాయి. 1962లో అమెరికాలో ఆర్థర్ ఓకన్ ఉత్పత్తి పెరిగితే నిరుద్యోగం ఎంత తగ్గుతుందో లెక్కకట్టాడు. మా మిత్రుని వాదనకు మూలం బహుశా అదే. అది జీతం, నోటీసు, భృతి ఉన్న సంతకు కట్టిన లెక్క. నందికొండ రాళ్ళకు సరిపోదు.

చట్టం లేదా అని మీరడగవచ్చు. ఉంది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చాయి. రెండోదాని ప్రకారం గుత్తేదారుకు లైసెన్సు ఉండవలసి వచ్చేది. కూలీకి నెల కూలిలో సగమో 75 రూపాయలో, ఏది ఎక్కువైతే అది, ఊరు విడిచినందుకు భత్యంగా ఇవ్వవలసి ఉండేది. అది తిరిగి వసూలు చేసే వీలు ఉండేది కాదు. ప్రయాణ ఖర్చు వేరు. చదువుతుంటే కడుపు నిండుతుంది. అయితే ఈ చట్టం వర్తించింది రాష్ట్ర సరిహద్దు దాటినవారికే. పాలమూరు మనిషి రాయచూరు పోతే వలస కార్మికుడు, హైదరాబాదు పోతే కాదు. 2014 జూన్ 2 నుంచి విజయవాడ పోయినవాడు కూడా రాత్రికి రాత్రే అంతర్రాష్ట్ర కార్మికుడయ్యాడు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించడం రాజ్యాంగం నిషేధించిన బలవంతపు చాకిరీయే అన్నది, ఆకలి తెచ్చే ఒత్తిడి కూడా బలవంతమే అన్నది. అంతటి తీర్పు వచ్చాక కూడా గుంపు మేస్త్రీలు గుంపులను కడుతూనే ఉన్నారు. 2020లో ఆ 1979 చట్టాన్ని ఒక పెద్ద కోడ్‌లో కలిపేశారు.

ఇక్కడ రెండు ఊళ్ళ గురించి చెప్పి తీరాలి. మన సాహిత్యంలో వీటి పేర్లు ఎక్కడా కనబడవు కానీ ప్రపంచంలో ఏ పెద్ద విశ్వవిద్యాలయంలోనైనా అభివృద్ధి అర్థశాస్త్రం చదివినవారికి ఇవి తెలుసు. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ సంస్థ 1975లో మెట్ట సేద్యపు పల్లెల అధ్యయనం మొదలుపెట్టి ఆరు ఊళ్ళను ఎంచుకుంది. వాటిలో రెండు నాటి మహబూబ్‌నగర్ జిల్లావి. ఒకటి దేవరకద్ర దగ్గరి డోకూరు, ఇంకొకటి మాడ్గుల వైపు, వాళ్ళ పుస్తకాల్లో ఔరేపల్లె అని రాసే ఊరు. సర్వేదారులు ఊళ్ళోనే కాపురముండి, కొన్ని వారాలకోసారి ఇంటింటికీ వెళ్ళి ఎవరు ఏ పని చేశారు, ఎంత కూలి వచ్చింది, ఏం కొన్నారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు అని రాసుకున్నారు. ఏళ్ళకేళ్ళు. కరువు వచ్చినప్పుడు పల్లె ఎలా బతుకుతుందన్న ప్రశ్నకు రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఈ లెక్కలతోనే జవాబు వెతికాడు. ఊరివారు ఒకరినొకరు బాగానే ఆదుకుంటారనీ, ఒక ఇంటి ఆదాయం పడిపోయినా తిండి ఆ మేరకు పడిపోదనీ తేల్చాడు. మూడింట ఒక ఊళ్ళో మాత్రం భూమిలేనివారికి ఈ అండ తక్కువన్నాడు. ఆడపిల్లలను దూరపు ఊళ్ళకు ఇచ్చి పెళ్ళి చేయడం కూడా కరువుకు ముందుజాగ్రత్తేనని, అన్ని ఊళ్ళలో ఒకేసారి వాన తప్పదు కదా అని, రోజెన్‌జ్వైగ్, స్టార్క్ అనే ఇద్దరు 1989లో ఈ పల్లెల లెక్కలతోనే వాదించారు. మా నాయనమ్మకు ఈ సంగతి చెబితే "ఇందుకు అమెరికా దాకా పోవాల్నా" అని ఉండేది.

ఇందులో నాకు బాధ కలిగించేది డోకూరు కథ. మొదట్లో అది చెరువుల కింద వరి పండించే ఊరు. చెరువులు నిండని ఏళ్ళు వరసగా వచ్చాయి, బోర్లు లోతుకు పోయాయి. 2000ల తొలి సంవత్సరాల కరువులో సేద్యం ఆదాయం కుంగిపోయి, వలస కూలి ఆ ఊరి ముఖ్య ఆదాయాల్లో ఒకటైంది. హైదరాబాదుకు దగ్గరైన ఔరేపల్లె పత్తివైపు, కల్లువైపు, నగరంవైపు తిరిగింది. రెండు ఊళ్ళలోనూ ఏడాది జీతాలకు కుదిరే పాలేర్లు క్రమంగా తగ్గిపోయారు. పేదరికం తగ్గిందా అంటే తగ్గింది. తగ్గిన దారి ఏదంటే, చాలావరకు ఊరు విడిచిన దారే.

1991 తర్వాత దేశం వేగం పెరిగింది. 1998 నవంబరు 22న హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటి గణాంకాలు మా మిత్రునికి చూపించవలసినవి. 1983 నుంచి 1994 దాకా దేశంలో ఉపాధి ఏటా రమారమి 2 శాతం పెరిగింది. ఆ తర్వాతి ఆరేళ్ళలో, అంటే దేశ ఉత్పత్తి ఏటా ఆరు శాతానికి పైగా పెరిగిన కాలంలో, ఆ పెరుగుదల 1 శాతం దరిదాపులకు పడిపోయింది. పనుల్లేని అభివృద్ధి అన్న మాట అప్పుడే వాడుకలోకి వచ్చింది. అదే కాలంలో పాలమూరు మనిషికి పనులు ఎక్కువయ్యాయి! హైదరాబాదు అద్దాల మేడలకు పునాదులు, సెంట్రింగు, స్లాబులు. ముంబై, పుణె కట్టడాలు. 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు. 2008లో తెరిచిన శంషాబాదు విమానాశ్రయం. మహబూబ్‌నగర్, నారాయణపేటల నుంచి ముంబైకి నేరుగా ఆర్టీసీ బస్సులు నడిచేవి. ఒక పల్లెటూరి బస్టాండు పలకమీద ముంబై పేరు చూసి మురిసిపోయిన పట్నపు బంధువు ఒకాయన నాకు తెలుసు.

ఇంకొక పని ఉంది, మన బ్లాగర్లం మరచిపోకూడనిది. 1990ల చివర, 2000ల మొదట్లో దేశమంతటా రోడ్ల పక్కన కేబుళ్ళకోసం కాలువలు తవ్వారు గుర్తుందా? గడ్డపార, పార పట్టుకొని బారులు తీరి తవ్వినవారిని ఎక్కడివారని అడిగితే ఎక్కువసార్లు వినబడే జవాబు పాలమూరే. యూనికోడ్‌లో మొదటి తెలుగు అక్షరాలు టైపు చేసి, అవి తెరమీద కనబడగానే మనం సంబరపడ్డ రోజులవి. ఆ అక్షరాలు వచ్చిన తీగ ఏ చేతులు తవ్విన గుంతలో పరుచుకుందో నేనైతే అప్పుడు ఆలోచించలేదు.

నగరంలో పని దొరుకుతుందన్న ఆశతోనే పల్లెవాడు వస్తాడనీ, నగరంలో ఉద్యోగాలు పెంచితే ఆశపడి వచ్చేవారు ఇంకా ఎక్కువై నగరంలో నిరుద్యోగం పెరుగుతుందనీ 1970లో హారిస్, టొడారో అనే ఇద్దరు చెప్పారు. మన అడ్డా కూలీల మీద, పొద్దున ఆరింటికి చౌరస్తాలో నిలబడి పదింటికి టిఫిను గిన్నెతో వెనక్కి పోయేవారి మీద, ఇది అక్షరాలా నిజం. మేస్త్రీ గుంపుమీద కాదు. వాళ్ళు ఆశ పడి పోలేదు, అడ్వాన్సు తీసుకొని పోయారు. కూలి ముందే తిన్నారు.

జిల్లాలోకి పరిశ్రమలు రాలేదా అంటే వచ్చాయి. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ప్రత్యేక ఆర్థిక మండలి కోసం 2000లలో భూములు తీసుకున్నారు, మందుల కంపెనీలు వచ్చాయి, భూములు పోయిన రైతులు ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. గద్వాల వైపు సంకర పత్తి విత్తనాల సాగు బాగా పెరిగింది. పువ్వు పువ్వుకూ చేత్తో పరాగం అద్దే ఆ పనికి చిన్న వేళ్ళు కావాలని బడి మాన్పించిన ఆడపిల్లలను పెట్టారు. ఇదీ ఉపాధి పెరుగుదలే, లెక్కలో. అటు నల్లగొండ చేనేత గురించి వేరే టపా రాయాలి. 1951 ఏప్రిల్ 18న భూదానం పుట్టిన పోచంపల్లిలో, 2000లలో భౌగోళిక గుర్తింపు పొందిన ఇక్కత్తు ఉంది. ఆ చుట్టుపక్కల పద్మశాలీలు ఎన్నో తరాలుగా షోలాపురం, భీవండి, సూరతు మరమగ్గాల దగ్గరికి పోతూనే ఉన్నారు. మగ్గం మనిషిని మరమగ్గం ఊడగొట్టింది, మళ్ళీ ఆ మరమగ్గం మీదే కూలికి పెట్టుకుంది.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. తొలి విడత 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. నేను మొదట దీన్ని పెద్దగా నమ్మలేదు. కరువు పనులు, పనికి ఆహారం ఎన్ని చూడలేదు! పైగా గుంతలు తీసి పూడ్చడం అని చదువుకున్నవాళ్ళు ఎకసెక్కాలాడుతుంటే నేనూ నవ్వినవాణ్ణే. ఆ నవ్వు తప్పని తర్వాత తెలిసింది.

ఆ తెలిసిన విధం ఇది. 2010-12 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి డబ్బును వేలిముద్రల కార్డుతో చెల్లించే పద్ధతిని ఎనిమిది జిల్లాల్లో 157 మండలాల్లో వంతులవారీగా తెచ్చారు. ఏ మండలానికి ముందు, దేనికి వెనుక అన్నది లాటరీతో నిర్ణయించారు. ఆ ఎనిమిదింటిలో నల్లగొండ ఒకటి. మురళీధరన్, నీహౌస్, సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఫలితాలు కొలిచి, 2023లో ఎకనమెట్రికా పత్రికలో ప్రచురించారు. పథకం సరిగ్గా నడిచిన మండలాల్లో ఉపాధి కార్డున్న కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. వింత ఏమిటంటే, ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పనుల డబ్బు కాదు, బయటి పనుల్లో వచ్చినది. అంటే రైతుల పొలాల్లో, ఇతర పనుల్లో కూలి పెరిగింది. కూలి పెరిగితే పనులు తగ్గుతాయని పాఠ్యపుస్తకం చెబుతుంది. తగ్గలేదు, పెరిగాయి. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్ళలో పని ఇంకా ఎక్కువగా పెరిగింది.

దీని కిటుకు మన పెద్దలకు తెలిసిందే. సంతలో కొనేవాడు ఒక్కడే అయినప్పుడు వాడు ధర తగ్గించడానికి సరుకు కూడా తక్కువే కొంటాడు. దొర చేసిన పని అదే. పదిమందికి పని ఇవ్వగలిగిన చోట ఏడుగురికే ఇచ్చి, మిగిలిన ముగ్గురినీ చూపించి ఏడుగురి కూలీ తగ్గించి ఉంచడం. ఇంకొకచోట పని దొరుకుతుందన్న ధీమా కూలీకి వచ్చిన రోజున ఆ ఎత్తు పారదు. ఆ ధీమా ఉంటే చాలు, నిజంగా ఆ పనికి పోనక్కరలేదు కూడా. 1946లో కర్రలు పట్టుకొని సాధించినదానిలో కొంత, ఇక్కడ ఒక జాబు కార్డు సాధించింది. (2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. సేద్యం పనులు ముమ్మరంగా ఉండే రోజుల్లో, ఏడాదికి 60 రోజుల దాకా, హామీ పనులు ఆపే వీలు అందులో పెట్టారు. కూలీకి బేరమాడే శక్తి ఎక్కువగా కావలసిన రోజులు సరిగ్గా అవే.)

అలాగని మలుపు తిరిగిపోయిందని చెప్పలేను. 2004-05, 2011-12 మధ్య దేశంలో సేద్యం మీద ఉన్నవారి సంఖ్య నికరంగా మూడు కోట్లకు పైగా తగ్గింది. లూయిస్ చెప్పిన రోజు వచ్చిందని పండితులు సంతోషించారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే ముంబై, హైదరాబాదు సైట్ల నుంచి మనుషులు నడిచి, లారీలెక్కి వెనక్కి వచ్చారు. ఆ ఏడాది దేశం మొత్తంమీద ఉపాధి హామీలో 389 కోట్ల పని దినాలు నమోదయ్యాయి. 2018-19లో 42.5 శాతానికి దిగిన సేద్యం వాటా 2023-24లో కూడా 46 శాతం దగ్గరే ఉంది. ఇన్నేళ్ళ ఎదుగుదల తర్వాత కూడా కష్టం వస్తే చేరుకునే చోటు ఆ రాతినేలే.

పోయిన నాట్ల కాలంలో మా ఊరు వెళ్ళాను. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు వచ్చాక మా వైపు చాలాచోట్ల వరి కనబడుతోంది. నార్లాపూర్ దగ్గర పాలమూరు-రంగారెడ్డి మొదటి పంపును కూడా 2023 సెప్టెంబరు 16న నడిపించారు. పొలంలో ఇరవైమంది మగవాళ్ళు వంగి నాట్లు వేస్తున్నారు. మా వైపు నాట్లు ఆడవాళ్ళ పని. మగవాళ్ళు వేయడం చూసి ఆగాను. బీహారువాళ్ళట. ఎకరానికి ఇంత అని గుత్త. నల్లగొండ వైపు కూడా అంతే, బీహారు, ఉత్తరప్రదేశ్, బెంగాలు గుంపులు వస్తున్నాయి. మా ఊరి ఆడవాళ్ళకు పని తగ్గింది, కొందరు తిట్టుకుంటున్నారు. రైతులు త్వరగా అయిపోతుందని మెచ్చుకుంటున్నారు.

గట్టుమీద గొడుగు వేసుకొని కూర్చున్న పెద్దమనిషిని గుర్తుపట్టాను. మా నాన్నగారి హాజరుపట్టీలో ఎర్రసిరా పేర్లలో ఒకడు. పదిహేనేళ్ళు బొంబాయిలో తట్ట మోసి, గుంపు మేస్త్రీ అయి, ఇప్పుడు ఈ బీహారు గుంపులను రైతులకు కుదిర్చి పెడుతున్నాడు. "వాళ్ళ దిక్కు వాన లేదా?" అని అడిగాను. "వాన ఉంది సారూ. భూమి లేదు" అన్నాడు. అడ్వాన్సు ఇస్తారా అంటే, ఇవ్వకుండా ఎట్లా వస్తారన్నట్టు నావైపు చూశాడు. రైలు టికెట్లకు, ఇంటికాడ ఇచ్చి వచ్చేందుకు, వాళ్ళ ఊరి ఠేకేదారు ముందే ఇస్తాడట. లెక్క ఎవరు రాస్తారని అడిగితే జేబులోంచి చిన్న పుస్తకం తీసి చూపించాడు. పేర్లు తెలుగులోనే రాసుకున్నాడు, మా నాన్నగారు నేర్పిన అక్షరాలతో, ఒక్కొక్క పేరు ఎదుట గీతలు కొట్టి.